లుసైల్ చక్రవర్తి తల

రోమన్ ఆలయాల మీద నేను థీసిస్ రాశాను. రోమ్ మాత్రం చూడలేదు. హైదరాబాద్‌లో ఆర్కిటెక్చర్ కాలేజీ లైబ్రరీలో, ఫ్యాన్ గాలి అందని మూల టేబుల్ దగ్గర కూర్చుని, వాళ్ళు గుడిని ఎంత ఎత్తు పీఠం మీద నిలబెట్టేవారో, మెట్లు ఒక్క ముందువైపే ఎందుకు కట్టేవారో, చక్రవర్తుల విగ్రహాలకు తల విడిగా చెక్కి మెడ గుంటలో ఎలా దించేవారో రాసి డిగ్రీ పుచ్చుకున్నాను. తర్వాత పెళ్ళయింది, దోహా వచ్చాను, అల్ ముంతజాలో ఒక ఇంటీరియర్ కంపెనీలో డిజైనర్‌గా చేరాను. ఆ రోజు నుంచి నా చదువునంతా ధారపోసి మొబైల్ షాపులకు కౌంటర్లు, సెలూన్లకు అద్దాల ఫ్రేములు గీస్తూ వచ్చాను.

కాబట్టి ఒకరోజు మా మేనేజర్ నా టేబుల్ దగ్గరికి వచ్చి, "లుసైల్లో ఒక రెస్టారెంట్. మీ తెలుగువాళ్ళే. రోమన్ టెంపుల్ కావాలంటున్నారు. నువ్వు చేయగలవా?" అని అడిగితే, చేతిలో పెన్సిల్ కింద పెట్టేశాను. ఆయన నాకు రాదనుకుని, "పోనీలే, నెట్‌లో చూసి చేసేయ్" అని ధైర్యం చెప్పి వెళ్ళాడు.

మీటింగ్‌కి ముగ్గురు వచ్చారు. పెద్దాయనది గుంటూరు దగ్గర ఊరు. ఖతార్ వచ్చి చాలా కాలమైంది, ఐన్ ఖాలిద్‌లో విల్లా, నున్నటి బట్టతల, చేతికి రెండు ఉంగరాలు. పక్కన ఆయన బావమరిది, ముప్పై అయిదుంటాయేమో, చక్కగా ట్రిమ్ చేసిన గడ్డం. అతను మాట్లాడే ముందు ఫోన్‌లో తన మొహం ఒకసారి చూసుకుంటాడు. మూడో మనిషి పెద్దాయన భార్య, అంటే ఆ బావమరిదికి అక్క. ఆవిడ మీటింగంతా ఏమీ మాట్లాడలేదు. అందుకని ఆవిడకు ఈ వ్యవహారంతో సంబంధం లేదని నేను అనుకున్నాను. నా తెలివి అంత.

"చూడమ్మా," అన్నాడు పెద్దాయన, "లుసైల్ కొత్త సిటీ, ఎటు చూసినా అద్దాల బిల్డింగులే. మన హోటల్ అడుగుపెట్టగానే కస్టమర్ దిమ్మ తిరగాలి. రోమన్ గుడి పెడదాం. లోపల ఒక రాజు విగ్రహం."

"చక్రవర్తి, బావా," అన్నాడు బావమరిది.

"అదే. చక్రవర్తి."

"వడ్డించేది ఏంటండీ?" అని అడిగాను, ఇటాలియన్ అనుకుని.

"ఆంధ్రా మీల్స్. సాయంత్రం బిర్యానీ."

నేను నోట్ చేసుకున్నాను. పెద్దాయనకు మాత్రం ఒక బెంగ ఉంది. ఊళ్ళో అత్తగారు ఫోన్‌లో అడిగిందట, గుడి అంటున్నారు, అందులో మాంసం వడ్డిస్తారా అని. నేను నా థీసిస్‌లోని మూడో అధ్యాయం బయటికి తీశాను. రోమన్ గుడి దేవుడి ఇల్లు మాత్రమేనని, జనం లోపలికి పోయేవారు కాదని, గుడి ముందు బలిపీఠం దగ్గర జంతువుల్ని బలిచ్చి, ఆ మాంసం అక్కడే వండి పంచుకునేవారని చెప్పాను. పెద్దాయన మొహం విప్పారింది.

"అంటే మనది శాస్త్రోక్తమే."

"ఒక రకంగా అంతేనండి."

"మెట్లు కూడా బేసి సంఖ్యలో పెట్టేవారు," అని అదే ఊపులో చెప్పాను. "మొదటి మెట్టు మీద కుడికాలు పెడితే, పైకి చేరేసరికి మళ్ళీ కుడికాలే పడుతుంది."

ఆయన కుర్చీలోంచి ముందుకు వంగాడు. "వీళ్ళు మనవాళ్ళేనమ్మా. ఎక్కడో విడిపోయారు." కాంట్రాక్టు అప్పుడే మాకు ఖాయమైపోయింది. ఇన్నేళ్ళకు నా చదువు ఒకరికి పనికొచ్చింది, అదీ గోంగూర మటన్‌ని సమర్థించడానికి.

సైట్‌కి వెళ్ళి చూశాక అసలు సంగతి తెలిసింది. అది ఒక టవర్ కింది అంతస్తులో షాపు. పైన ఏసీ డక్టులు, వాటి కింద మంటలార్పే నీటి పైపులు. రోమన్ గుడికి కావలసిన మొట్టమొదటి వస్తువు ఆకాశం. అది లేదు. ఎత్తైన పీఠం పెడితే స్తంభాలు పొట్టివవుతాయి, స్తంభాలు నిలబెడితే పైన త్రికోణపు ముఖభాగం నలిగి అప్పడంలా అవుతుంది. నేను రోజుల తరబడి గీసి, పీఠం కొంత, స్తంభం కొంత తగ్గించి ఒక గుడి సాధించాను. తీసుకెళ్ళి చూపిస్తే ఫైర్ సేఫ్టీ అతను, సరిగ్గా ఆ త్రికోణం నడిమధ్యలో, దేవతామూర్తులు ఉండాల్సిన చోట, పచ్చ రంగు ఎగ్జిట్ బోర్డు పెట్టమన్నాడు. పరిగెత్తుతున్న మనిషి బొమ్మ. ఆ గుడి మొత్తంలో రూల్ ప్రకారం ఉన్న శిల్పం అదొక్కటే.

మెట్ల పక్కన వీల్‌చెయిర్ ర్యాంప్ వచ్చింది. ర్యాంప్ వచ్చాక బేసి మెట్లూ కుడికాలూ ఎవరికీ గుర్తులేవు. పిల్లల బండ్లు తోసుకుంటూ అందరూ అటే ఎక్కుతారని పెద్దాయన సంతోషపడ్డాడు.

స్తంభాలు, విగ్రహం చేసే బాధ్యత మా ఉస్తాద్‌ది. ఇండస్ట్రియల్ ఏరియాలో మా వర్క్‌షాప్‌కి ఆయనే రాజు. నిజామాబాద్ మనిషి, ప్లాస్టర్ పనిలో జుట్టు నెరిసింది, అది ప్లాస్టరో నెరుపో చెప్పడం కష్టం. దోహాలో సగం పెళ్ళి స్టేజీల మీద హంసలు ఆయన చేసినవే. తను చేసిన హంసలు ఎగరకపోవడం దేవుడి పొరపాటని ఆయన నమ్మకం. నేను స్తంభాల తలల డ్రాయింగ్ ఇచ్చాను. ముళ్ళ ఆకులు రెండు వరసలుగా పైకి లేచి, చివర్లు వంకీ తిరిగి ఉండాలి.

"మేడమ్, గీ ఆకులెందుకు? కమలం పువ్వు పెడదాం. నా దగ్గర పోత పోసే సాంచా తయారున్నది."

"రోమన్ గుడికి కమలం ఉండదు ఉస్తాద్."

"ఎవలు చూసొచ్చిన్రు?"

నేనూ చూసిరాలేదు. అయినా పట్టుబట్టి ఆకులే చేయించాను. పెద్దాయన వర్క్‌షాప్‌కి వచ్చి, ఆరబెట్టిన మొదటి స్తంభం తల చుట్టూ తిరిగి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని అన్నాడు, "అమ్మా, ఇది గోంగూరే కదా?"

"కాదండీ, ఇది ఆ దేశంలో పెరిగే ఒక ముళ్ళ మొక్క. రెండు వేల ఏళ్ళుగా..."

"గోంగూరే," అన్నాడాయన తృప్తిగా. "గుంటూరువాణ్ణి, నాకు తెలీదా."

తర్వాత మెనూ కార్డు అచ్చయినప్పుడు చూశాను. నా స్తంభం తల ఫోటో గోంగూర ఐటమ్స్ పేజీ మీద ఉంది.

మా వర్క్‌షాప్‌లో జగిత్యాల నుంచి వచ్చిన మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. ఒక మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చి సంశయంగా అడిగాడు. "మేడమ్, మా అమ్మ ఫోన్ల అడుగుతున్నది. దుబాయ్ల ఏ దేవుని గుడి కడుతున్నవ్ బిడ్డా అని. ఏం చెప్పాలె?"

"ఖతార్ అని చెప్పలేదా?"

"ఖతార్ అన్నా దుబాయే అంటది. దేవుడెవలో చెప్పుండ్రి."

"తిన్నవాళ్ళను చల్లగా చూసే దేవుడని చెప్పు."

అతను తలూపి వెళ్ళాడు. వాళ్ళమ్మ ఆ దేవుడికి కొబ్బరికాయ కొట్టించమని చెప్పిందట. ఆవిడ మాటను బట్టి నాకు తెలిసింది, ఈ ప్రాజెక్టులో భక్తి ఉన్న మనిషి ఒక్కరైనా ఉన్నారని.

ఇక చక్రవర్తి. నేను లాప్‌టాప్‌లో ఫోటోలు వరసగా చూపించాను. ఎప్పటికీ ముప్పై దాటని మొదటి చక్రవర్తి, గడ్డం పెంచిన ఒక చక్రవర్తి, మొహం చిట్లించి లోకాన్నంతా అనుమానంగా చూసే ఇంకొకాయన. పెద్దాయన మొదటి ఫోటో దగ్గర ఆగాడు.

"ఈయన ఎప్పుడు పోయాడు?"

"డెబ్బై దాటాక. కానీ విగ్రహాలన్నీ కుర్రాడిలాగే చెక్కేవారు. ఊరూరా అదే మొహం పంపేవారు."

"మంచి పద్ధతి," అని కాసేపు ఆలోచించాడు. "అయితే మొహం కాస్త మనలా ఉంటే ఏమన్నా దోషమా?"

"మనలా అంటే?"

"నాలా."

నేను ఆయన బట్టతల వంక చూడకుండా ఉండటానికి ప్రయత్నించాను. దోషమేమీ లేదన్నాను. అసలు ఆ విగ్రహాలకు వంటి మీది కవచంలోనే కండలు తిరిగి ఉంటాయి, లోపలి మనిషికి ఉండనక్కర్లేదు. ఆయన మరుసటి రోజు తన పెళ్ళి ఫోటో పంపించాడు, బాసికం తీసేసి చెక్కమని. ఫోటోలో సన్నటి కుర్రాడు, ఒత్తు జుట్టు, కెమెరాను చూసి కొంచెం భయపడుతున్నాడు. నిజం చెప్పాలంటే, బాగున్నాడు.

ఉస్తాద్‌తో తల విడిగా చేయించాను, రోమన్లు చేసినట్టే మెడలో దిగేలా. "అసలు పద్ధతి ఇదే" అని ఆయనకు ఉపన్యాసం ఇచ్చాను. ఆ అసలు పద్ధతి ఎంత అవసరమో అప్పటికి నాకు తెలీదు. తల మాత్రం అద్భుతంగా వచ్చింది. హంసలు చేసే చెయ్యి అంత పని చేస్తుందని నేననుకోలేదు. నుదుటి మీద ఉంగరాల జుట్టు, మెత్తటి పెదవులు, ఆ చిన్న భయం కూడా కళ్ళలో వచ్చేసింది.

బావా బావమరుదులు సరిగ్గా అప్పుడే పోట్లాడుకున్నారు. కారణం వంటవాడు. పెద్దాయన గుంటూరు నుంచి ఒకతన్ని పిలిపించాడు. బావమరిది హైదరాబాద్ నుంచి బిర్యానీ మాస్టర్‌ని తెప్పించాడు. రోమన్ గుడిలో రెండు దేశాల మధ్య యుద్ధం వచ్చింది. చివరికి పెద్దాయన, "అయితే నువ్వే నడుపుకో" అనేసి ఇంటికి వెళ్ళి పడుకున్నాడట. ఆ తర్వాత సైట్‌కి రావడం మానేశాడు.

వారం తిరక్కుండా బావమరిది నాకు ఫోన్ చేశాడు. "మేడమ్, ఆ స్టాచ్యూ ఫేస్ మార్చాలి."

"ఎవరిలా?"

అతను చాలా వినయంగా దగ్గాడు. "పార్ట్‌నర్స్‌లో యాక్టివ్‌గా ఉన్నవాళ్ళలా."

కొత్త తల చేసే టైం లేదు. ఓపెనింగ్ దగ్గర పడింది. ఉస్తాద్ అదే తలను చెక్కి మారుస్తానన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే రోమ్‌లో కూడా సరిగ్గా ఇదే జరిగేది. గద్దె దిగిన చక్రవర్తి తలను పారేయకుండా, అదే రాతిని చెక్కి కొత్త చక్రవర్తిని చేసేవారు. రాయి తగ్గుతుంది కాబట్టి కొత్త మొహం చిన్నదవుతుంది. చెవులు మాత్రం పాతవే ఉండిపోతాయి, అంత వెనక్కి ఉలి పోదు. దీని మీద నేను పదిహేను పేజీలు రాశాను. ఎవరూ చదవలేదు, మా గైడ్‌తో సహా.

ఉస్తాద్ ఆ తల మీద పని మొదలుపెట్టిన రెండో రోజు నేను వర్క్‌షాప్‌లో ఉన్నాను. మధ్యాహ్నం భోజనాల వేళ. తలుపు దగ్గర పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఎవరు చెప్పారో తెలీదు. నేను లేచి కుర్చీ వేశాను. ఆయన కూర్చోలేదు. బల్ల దగ్గరికి వెళ్ళి చూశాడు. నుదురు మీది జుట్టు సగం పోయింది. బుగ్గలు లోపలికి దిగాయి. గడ్డం కోసం కింద కొత్త ప్లాస్టర్ ముద్ద అంటించి ఉంది. ఉస్తాద్ ఉలి కింద పెట్టి, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ ఒక పక్కకు జరిగాడు.

పెద్దాయన వేలితో ఆ తల చెవిని తాకాడు. తర్వాత తన చెవిని.

"చెవి నాదేనా?"

"మీదే సాబ్," అన్నాడు ఉస్తాద్.

"వాడికి చిన్న చెవులు. మొదటిసారి చూసినప్పుడు ఏడేళ్ళు వాడికి. పెళ్ళిలో నా ఒళ్ళో కూర్చుని నిద్రపోయాడు." అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఉండనివ్వండి. చెవుల దాకా పోకండి."

"అక్కడికి ఉలి పోదు సాబ్," అన్నాడు ఉస్తాద్ మెల్లగా.

ఆయన టీ తాగమన్నా తాగకుండా వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నం నా వ్యంగ్యం కాసేపు పని చేయలేదు. ఆఫీసుకు తిరిగి వచ్చి ఒక సెలూన్‌కి అద్దాలు గీశాను.

ఓపెనింగ్ సాయంత్రం పెట్టుకున్నారు. ఎగ్జిట్ బోర్డు పచ్చగా వెలుగుతోంది. గోంగూర స్తంభాల మధ్య బంతిపూల దండలు వేలాడదీశారు. చక్రవర్తి గర్భగుడి లాంటి గూటిలో, కింద స్పాట్‌లైట్‌తో నిలబడ్డాడు. భుజాలు ఏనుగువి, తల మాత్రం చిన్నది, చిన్న గడ్డంతో. ఎవరో పెద్దమనిషి చొక్కా వేసుకున్న పిల్లాడిలా ఉన్నాడు. బావమరిది ఆ తల కింద నిలబడి, వచ్చినవాళ్ళు పోలిక కనిపెట్టేదాకా అక్కణ్ణుంచి కదలడం లేదు. వాళ్ళకు అర్థం కాకపోతే తనే గడ్డం నిమిరి సాయం చేస్తున్నాడు.

పెద్దాయన్ని వాళ్ళావిడ వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన తలుపు దగ్గరే ఎవరితోనో మాట పెట్టుకుని ఆగిపోయాడు. ఆవిడ మాత్రం మెట్ల మీదుగా ఎక్కి వచ్చింది, ఆ సాయంత్రం ర్యాంప్ వాడని మనిషి ఆవిడ ఒక్కతే. గూడు దగ్గర ఆగి, ముందు నుంచి చూసింది. ఒక పక్కకు జరిగి చూసింది. మళ్ళీ రెండో పక్క నుంచి.

"తమ్ముడూ, ఇది నువ్వేనా?"

"అవునక్కా."

"నీ మొహానికి మీ బావ చెవులేంటిరా?"

అతను నా వైపు చూశాడు. నేను స్తంభం వైపు చూశాను. ఇంజనీర్లు, ఆర్కిటెక్ట్‌లు స్తంభాలను పరీక్షించడం సహజం కదా.

"ముందు ఆయన తల చేయించి, అలిగాక నీ తల చేయించావా?" ఆవిడ గొంతు పెంచలేదు. "ఆ తల కోసం ఆయన పంపిన ఫోటో మా పెళ్ళిది. అందులో మొహం ఎలా ఉండేదో నాకు తెలుసు. దాన్ని గీకి పారేశావు."

"అక్కా, బిజినెస్‌లో..."

"తల తీసేయ్."

"ఇప్పుడా? గెస్టులున్నారు."

"పాత రోమన్ బొమ్మలకు తలలు ఉండవుగా," అని ఆవిడ నావైపు తిరిగింది. "ఉంటాయా అమ్మా?"

చదువుకున్నదాన్ని కదా, నిజం చెప్పాను. చాలా వాటికి ఉండవని, మ్యూజియంలలో ఎక్కువగా మొండేలే దొరుకుతాయని. ఉస్తాద్‌ని పిలిస్తే ఆయన వచ్చి, చిన్న స్టూల్ ఎక్కి, తలను పట్టుకుని పైకి లాగాడు. విడిగా చేయించిన తల, సులువుగా వచ్చేసింది. నా థీసిస్ చేసిన మేలు అది. జనం ఒక్క క్షణం ఆగి చూసి, బిర్యానీ వైపు మళ్ళారు.

ఆవిడ ఆ తలను పమిట కొంగులో చుట్టి తీసుకెళ్ళి, తన కారు ముందు సీట్లో పెట్టి, సీట్ బెల్ట్ వేసింది. పెద్దాయన వెనక సీట్లో కూర్చున్నాడు. బావమరిది కారు దాకా వెళ్ళి, అద్దం దగ్గర వంగి ఆయనతో ఏదో మాట్లాడాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. మరుసటి వారం నుంచి మెనూలో గుంటూరు వంటవాడి పచ్చళ్ళు, హైదరాబాద్ మాస్టర్ బిర్యానీ ఒకే పేజీ మీదికి వచ్చాయి. పెద్దాయన మళ్ళీ కౌంటర్లో కూర్చోవడం మొదలుపెట్టాడు.

తల లేని చక్రవర్తికి వచ్చిన పేరు తల ఉన్నప్పుడు రాలేదు. ఎవరో ఒకాయన వెనక స్టూల్ ఎక్కి, మొండెం మీద తన తల పెట్టి ఫోటో తీయించుకున్నాడు. అంతే. శుక్రవారం సాయంత్రాలు అక్కడ క్యూ. లేబర్ క్యాంపుల నుంచి వచ్చిన మనవాళ్ళు, కేరళ కుటుంబాలు, నేపాలీలు, బ్యాంకు ఆఫీసర్లు, పిల్లలు, అందరూ కండలు తిరిగిన కవచంలో చక్రవర్తులవుతున్నారు. మా మేస్త్రీ తన ఫోటో వాళ్ళమ్మకు పంపించాడు. గుడి కట్టినందుకు కొడుకుని దేవుణ్ణి చేశారని ఆవిడ ఊళ్ళో చెప్పుకుంటున్నదట. నేను ఆ మాట సరిదిద్దమని అతనికి చెప్పలేదు.

ఆమధ్య పెద్దాయన భార్య, వాళ్ళ విల్లా మా ఇంటికి దగ్గరే కాబట్టి, టీకి పిలిచింది. వంటింటి పక్క, బియ్యం డబ్బా మీద ఆ తల ఉంది, గోడ వైపు తిరిగి.

"అలా ఎందుకు పెట్టారండీ?" అని అడిగాను.

"ముందు నుంచి చూస్తే మా తమ్ముడు, పక్క నుంచి చూస్తే మా ఆయన. ఇద్దరితోనూ ఒకేసారి పడలేక." ఆవిడ టీలో చక్కెర కలుపుతూ అంది. "చక్కెర సరిపోయిందా చూడు."

కాస్త ఎక్కువైంది. సరిపోయిందన్నాను. మా ఆయన బయట కారులో హారన్ కొడుతున్నాడు. నేను గబగబా తాగేసి, చెప్పులు వేసుకుని బయటికి నడిచాను.